కాలువ సీను మళ్ళీ తీశారు

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బెండకాయలు తరుగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. సంతోషం కలిగితే వాడికి మాట తడబడుతుంది. ఆ రోజు కూడా రెండుసార్లు "అక్కా, అక్కా" అని ఆగిపోయాడు.

"నీ సీరియల్ మళ్ళీ తీస్తున్నారంట అక్కా. ఓటీటీకి, వెబ్ సిరీస్‌గా. హైదరాబాద్ వాళ్ళు. ఆ పడవ పిల్ల వేషానికి ఎవర్ని తీసుకున్నారో తెలుసా?"

నేను ఏమీ అనకముందే వాడే చెప్పేశాడు. "మన పాపనే. ఆడిషన్‌కి తీసుకెళ్ళానని నీకు చెప్పలేదు. వస్తే చెబుదామనుకున్నాను. నీ మేనకోడలని తెలిశాక వాళ్ళకి ఇంకా నచ్చేసింది."

"మంచిదేరా," అన్నాను. "ఏయే సీన్లు ఉంటాయి?"

"అన్నీ ఉంటాయి. కాలువ సీను లేకుండా ఎలా తీస్తారు? అది లేకపోతే ఇంకేముంది దాంట్లో?"

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే కత్తి ఇంకా చేతిలోనే ఉంది. బెండకాయ జిగురు వేళ్ళ మధ్య ఆరిపోయి చర్మం లాగుతోంది. స్టవ్ మీద నూనె కాగి పొగ వస్తోంది. కట్టేయాలని తెలుస్తోంది కానీ చెయ్యి కదలడం లేదు. నాకు నలభై అయిదేళ్ళు. మైలవరం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలను. అలాంటిదాన్ని భవానీపురంలో మా వంటింట్లో నిలబడి, ఎప్పుడో తొమ్మిదేళ్ళ వయసులో మింగిన నీళ్ళకి వణికిపోయాను.

ఆ సీరియల్ ఇప్పటి వాళ్ళకి తెలియదు. ఇంటింటికీ ఒకటే ఛానెల్ వచ్చే రోజుల్లో, పదమూడు ఆదివారాలు సాయంత్రం పూట వచ్చింది. కాలువ మీద పడవ నడిపే తాత, ఆయనతో ఊరూరూ తిరిగే మనవరాలు, వాళ్ళ పడవలో ఒక మేకపిల్ల. అంతే కథ. కానీ నా వయసు వాళ్ళని కదిపితే ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. మేకపిల్ల నీళ్ళలో పడితే ఆ పిల్ల వెంటే దిగడం, మునిగి తేలుతూ గాలి కోసం నోరు తెరవడం, ఆ కళ్ళు. "ఆ కళ్ళు మర్చిపోలేమండీ," అంటారు.

ఆ కళ్ళు నావి.

మా నాన్న ఇరిగేషన్ శాఖలో లష్కరు. బందరు కాలువ మీద లాకుల దగ్గర ఉద్యోగం. పక్కనే రెగ్యులేటర్. దాని తలుపులు ఎత్తడం, దించడం, ఎంత నీళ్ళు కిందికి వదలాలో అంత వదలడం ఆయన పని. మేము ఆ లాకుల పక్క క్వార్టర్స్‌లోనే ఉండేవాళ్ళం. షూటింగ్ వాళ్ళు కాలువ చూసుకోవడానికి వచ్చి, గట్టు మీద ఆడుకుంటున్న నన్ను చూశారు. దర్శకుడు గారు నన్ను ఒక పాఠం అప్పజెప్పమన్నారు. అప్పజెప్పాను. పెద్ద కళ్ళున్నాయన్నారు. మా నాన్నకి అంతకన్నా గొప్ప రోజు అంతవరకు రాలేదు.

కాలువ సీను రోజున నాకు చెప్పింది ఇది. రేవులో మూడు మెట్లు దిగాలి. నీళ్ళు మోకాళ్ళు దాటి కొంచెం పైకి వస్తాయి. మేకపిల్లని అందుకుని పైకి రావాలి. నాలుగో మెట్టు దిగకూడదు. నేను సరేనన్నాను. ఒకసారి తీశారు. దర్శకుడు గారికి నచ్చలేదు. నీళ్ళు చెరువులా కదలకుండా ఉన్నాయి, కాలువలా లేదు అన్నారు. మా నాన్న "దానిదేముందండీ" అని పరుగున వెళ్ళి రెగ్యులేటర్‌కున్న ఒక తలుపు రెండడుగులు ఎత్తారు. నీళ్ళకి సుడి వచ్చింది. అందం వచ్చిందని కెమెరా ఆయన అన్నాడు.

రెండోసారి మేకపిల్ల నా చేతికి అందలేదు. వడి దాన్ని లాక్కుపోయింది. నేను నాలుగో మెట్టు మీద కాలు వేశాను. నాచు. అంతే.

నీళ్ళలో ఏముందో నాకిప్పటికీ తెలుసు. ముందు అంతా ఆకుపచ్చ, తర్వాత మట్టి రంగు. పరికిణీ మొదట గొడుగులా విచ్చుకుని, మరుక్షణం కాళ్ళకి చుట్టుకుపోయింది. చెవుల్లో హోరు. ఒకసారి పైకి వచ్చాను. గట్టు మీద అందరూ నావైపే చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. అరవబోతే నోట్లోకి నీళ్ళు వచ్చాయి. మళ్ళీ మునిగాను. రెండోసారి పైకి వచ్చినప్పుడు కెమెరా పక్కన మా నాన్న కనిపించారు. తలుపు దగ్గర్నుంచి అప్పుడే పరిగెత్తుకొచ్చినట్టున్నారు. చప్పట్లు కొడుతున్నారు. ముఖం వెలిగిపోతోంది.

మూడోసారి నేను పైకి రాలేదు. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. కింది రేవులో బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ నడుము లోతు నీళ్ళలో అడ్డంగా వచ్చేసింది. నన్ను మెట్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద గట్టిగా చరిచింది. "ఊపిరి పీల్చుకో తల్లీ, పీల్చుకో," అంది. గట్టు మీంచి ఎవరో ఆమెను కసురుకున్నారు, షాట్ మధ్యలోకి వచ్చి చెడగొట్టావని. ఆమె వాళ్ళకేసి ఒకసారి చూసి, తన బట్టల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమె వచ్చే ముందు వరకు ఉన్నదే వాళ్ళకి సరిపోయింది. దర్శకుడు గారు నా తల నిమిరి, "ఇంత సహజంగా పెద్ద నటులు కూడా చెయ్యలేరు," అన్నారు. నేను చెబుదామని నోరు తెరిచాను. దగ్గు వచ్చి ముక్కులోంచి నీళ్ళు కారాయి. అందరూ ముద్దుగా నవ్వారు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని క్వార్టర్స్ దాకా నడిచారు. అంత ఎత్తు నుంచి కాలువని చూడలేక కళ్ళు మూసుకున్నాను. నటన అంటే ఇదేనేమో, అందరూ ఇలాగే చేస్తారేమో అని కూడా అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంకేం తెలుస్తుంది.

తెలిసే వయసు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికి ఆ సంగతి మా నాన్న చెప్పే కథగా మారిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు. "డైరెక్టర్ గారు నీళ్ళు కావాలన్నారండీ. ఒక తలుపు రెండడుగులు ఎత్తాను. మా అమ్మాయి ఏం చేసిందనుకున్నారు? అది నటనని తెలీక, పిల్ల నిజంగా మునిగిపోతోందనుకుని రేవులో ఉన్నావిడ దూకేసింది." ఇక్కడ ఆగేవారు. విన్నవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నా పెళ్ళిచూపుల్లో చెప్పారు. అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళకి కూడా, కాస్త తేరుకున్నాక, చెప్పారు. ఆ కథలో నిజం చెప్పాలంటే, నీ చేత్తో ఎత్తిన తలుపు నీళ్ళే నన్ను ముంచాయి, నేను చచ్చిపోతుంటే నువ్వు చప్పట్లు కొట్టావు అని చెప్పాలి. ఏ కూతురు చెబుతుంది?

పుష్కరాలకి సైనస్ అని చెప్పి తల మీద నీళ్ళు చల్లించుకుని సరిపెట్టుకున్నాను. మంగళగిరిలో చీరలకి వెళ్ళాలన్నా మధ్యలో బ్యారేజీ ఉందని, బస్సులో లోపలివైపు సీటు చూసుకుంటాను. నీళ్ళంటే భయం అని మా ఆయనకి తెలుసు. ఎందుకో తెలియదు.

తమ్ముడు ఫోన్ చేసిన మర్నాటికే స్టాఫ్ రూములో ఈ వార్త పాకింది. తెలుగు మాస్టారు పెదవి విరిచారు. "పాతవి ముట్టుకోకూడదండీ. ఆ అమాయకత్వం వీళ్ళకెక్కడొస్తుంది? రంగులు ఎక్కువవుతాయి, మ్యూజిక్ ఎక్కువవుతుంది, ప్రాణం పోతుంది." సైన్సు టీచర్ ఒప్పుకోలేదు. "మా పిల్లలు ఆ పాతది చూడమంటే చూస్తారా మాస్టారూ? ప్రింటే సరిగ్గా లేదు. కొత్తగా తీస్తేనే కదా వాళ్ళకి తెలిసేది." ఇద్దరూ నావైపు తిరిగారు. "మీరు చెప్పండి మేడం. మీకన్నా ఎవరికి హక్కుంది?"

నేను నోట్సులు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను. పాతదానిలా రాదేమోనని ఆయన భయం. అచ్చం పాతదానిలాగే వస్తుందేమోనని నా భయం. ఆ మాట వాళ్ళకెలా చెప్పను?

వారం తిరక్కుండా దర్శకురాలు మమ్మల్ని కలవడానికి వచ్చింది. తమ్ముడి ఇంట్లో కూర్చున్నాం. నాన్న ఉండేది అక్కడే. ఆమెకి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. జీన్స్ మీద కాటన్ చొక్కా, నెమ్మదైన మాట. వచ్చీ రాగానే వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను వెనక్కి జరిగాను.

"మీ కాలువ సీను చూసే నేను ఈ ఫీల్డుకి వచ్చాను మేడం. మా అమ్మ క్యాసెట్‌లో రికార్డు చేసి ఉంచింది. నా చిన్నప్పుడు రోజూ పెట్టించుకునేదాన్నంట."

ట్యాబ్‌లో ఆ సీను తీసి నా ముందు పెట్టింది. నేను చూడకుండా తప్పించుకునే లోపే, వేలితో కొంచెం కొంచెంగా జరుపుతూ ఒకచోట ఆపింది. నా ముఖం. నోరు తెరిచి ఉంది. రెండోసారి పైకి వచ్చినప్పటిది. నా చూపు కెమెరా పక్కకి ఉంది. ఎవరిని చూస్తోందో నాకొక్కదానికే తెలుసు.

"ఇదిగో, ఇది. ఈ భయం నాకు కావాలి," అంది. "ఎంతమంది పిల్లలతో టెస్ట్ చేశామో, ఎవరికీ రాలేదు. అందుకే ఒక పద్ధతి ఆలోచించాం. నీళ్ళ కింద మెట్టులా ఒక బల్ల వేస్తాం. పాప దాని మీద నిలబడుతుంది, మోకాళ్ళ దాకే నీళ్ళుంటాయి. షాట్ మధ్యలో బల్ల లాగేస్తాం. రెండు మూడు సెకన్లు మునుగుతుంది, అంతే. ఇద్దరు గజ ఈతగాళ్ళు చెరో పక్కా నీళ్ళలోనే ఉంటారు. ప్రమాదమేమీ లేదు."

"పాపకి చెప్పారా?"

"చెబితే ఆ ముఖం రాదు మేడం."

తమ్ముడి వైపు చూశాను. వాడికి ముందే తెలుసని ముఖంలోనే కనిపించింది. "రెండు సెకన్లే అక్కా," అన్నాడు. "దానికి ఈత వచ్చు కదా."

మా నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. "మా రోజుల్లో ఈ బల్లలూ అవీ లేవమ్మా. మా అమ్మాయి ఒట్టి నటనతోనే చేసింది. నీళ్ళు కావాలంటే నేనే ఒక తలుపు ఎత్తాను..." అని మొదలుపెట్టారు. దర్శకురాలు ఆ కథని మొదటిసారి వింటోంది. రేవులో ఆవిడ దూకిన దగ్గర పకపకా నవ్వింది. పాప పక్క గదిలోంచి వచ్చి తాతయ్య కుర్చీ చెయ్యి మీద కూర్చుని, తనూ నవ్వింది. ఇంతమంది నవ్వుతున్న గదిలో ఒక్క మాట అనలేకపోయాను.

తర్వాత రెండు వారాలు నాకు గుర్తున్నంతవరకు ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి నిలబడిపోయేదాన్ని. బాత్రూములో బకెట్ నిండే చప్పుడు వింటే ట్యాప్ కట్టేసేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి తమ్ముడికి ఫోన్ చేశాను.

"పాపని పంపకురా."

"ఎందుకు?"

"నీళ్ళు."

"అక్కా, ఒక మాట చెప్పనా, తప్పుగా అనుకోకు. నీకు నీళ్ళంటే భయం. అది చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నీ భయం దానికెందుకు అంటిస్తావు? నీకొచ్చిన పేరు దానికీ రానీ."

పేరు. వాడు ఆ సీరియల్ వచ్చేనాటికి రెండేళ్ళవాడు. వాడికి తెలిసిందల్లా నాన్న కథే. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చింది. వెనక నాన్న దగ్గు వినిపించింది. పెట్టేశాను.

షూటింగ్ ఆదివారం ఉదయం. అదే కాలువ, అవే లాకులు. క్వార్టర్స్ కూలిపోయి మొండి గోడలు మిగిలాయి. నీళ్ళ మీద పేరుకున్న గుర్రపు డెక్క తీయించి శుభ్రం చేయించారు. రేవు మెట్లకి సున్నం కూడా వేశారు. గట్టు మీద రెండు వ్యాన్లు, పెద్ద గొడుగులు, యాభై మంది దాకా జనం. నాన్న ఇస్త్రీ బట్టలు వేసుకుని, మానిటర్ పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నారు. ఆయనే ఆ రోజు పెద్దమనిషి. వచ్చినవాళ్ళందరూ ఆయనతో ఫోటోలు దిగుతున్నారు.

నేను వ్యాను నీడలో నిలబడ్డాను. అక్కడి నుంచి నీళ్ళు కనిపించవు. పాప పరికిణీ వేసుకుని వచ్చింది. అచ్చం నాది లాంటిదే, ఎర్ర అంచు ఆకుపచ్చది. పాత సీరియల్ చూసి కుట్టించారట. ఆ బట్ట కాళ్ళకి ఎలా చుట్టుకుంటుందో నాకు తెలుసు.

"అత్తా, నీళ్ళు లోతా?" అని అడిగింది పాప, జడ సరిచేసుకుంటూ.

"ఎవరైనా ఏమైనా చెప్పారా?"

"మోకాళ్ళ దాకేనన్నారు. మూడు మెట్లు దిగాలి. నాలుగోది దిగకూడదు."

ఆ మాట విన్నాక నా కాళ్ళు నన్నడగకుండానే నడిచాయి. జనం మధ్యలోంచి, వైర్లు దాటుకుంటూ మానిటర్ దగ్గరికి వెళ్ళాను. దర్శకురాలు హెడ్‌ఫోన్ తీసి నవ్వుతూ చూసింది.

"ఆ సీన్లో నేను నటించలేదండీ," అన్నాను.

"అదే కదా మేడం గొప్పతనం. నటించినట్టే ఉండదు."

"అలా కాదు. నిజంగానే మునిగిపోయాను. నాలుగో మెట్టు మీద కాలు జారింది. రేవులో ఆవిడ జుట్టు పట్టుకుని లాగకపోతే నేనిప్పుడు లేను. మీకు నచ్చిన ఆ ముఖం చచ్చిపోతున్న పిల్లది. అది మళ్ళీ తియ్యకండి."

నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించింది. దర్శకురాలు నా ముఖం వైపే చూస్తోంది. నేను ఆమె వైపు చూడటం లేదు. పక్క కుర్చీలో నాన్న లేవబోయి, లేవలేక, కుర్చీ చేతులు పట్టుకుని ఉండిపోయారు.

"ఏంటమ్మా?" అన్నారు.

"అవును నాన్నా."

"మరి నువ్వు ఎప్పుడూ..." అని ఆగారు. చివరికి, ఎవరూ అడక్కుండానే, "తలుపు ఎత్తింది నేనే," అన్నారు.

తమ్ముడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఒక మేనేజరు వచ్చి, ఎండ ముదిరితే నీళ్ళు మెరుస్తాయి, షాట్ పోతుంది అన్నాడు. దర్శకురాలు అతనికి చెయ్యి చూపించి ఆగమంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, గట్టు మీదే కింద కూర్చుంది.

"ఆ ముఖాన్ని నేను ఎన్నిసార్లు చూశానో నాకే లెక్కలేదు," అంది. "ఒక్కసారి కూడా అనుమానం రాలేదు."

లేచి పాపని పిలిచింది. నా ముందే మొత్తం చెప్పింది. బల్ల సంగతి, లాగేస్తామని, లోతు ఎంతో, ఈతగాళ్ళు ఎక్కడుంటారో, అన్నీ. ఇంత దాచినందుకు తప్పయిందని కూడా అంది. పదేళ్ళ పిల్లకి ఒక పెద్దమనిషి తప్పయిందని చెప్పడం నేను చూడటం అదే మొదలు. పాప వాళ్ళ నాన్న వైపు కోపంగా చూసింది. తర్వాత నీళ్ళ వైపు చూసింది.

"బల్ల వద్దు. నేనే దూకుతాను," అంది. "నాకొచ్చు."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. పాప నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నువ్వు మెట్ల దగ్గర నిలబడు. నాకు కనిపించేలా."

నిలబడ్డాను. ఒక్క మెట్టు దిగగలిగాను. రెండోది నా వల్ల కాలేదు. పరికిణీ తీసేసి, కాళ్ళకి చుట్టుకోని పొట్టి గౌను వెయ్యమన్నాను. అదొక్కటీ మాత్రం గట్టిగా అడిగాను, వేశారు. ఈతగాళ్ళు ఇద్దరూ మెడ లోతులో నిలబడి తలలూపారు. నాన్న కుర్చీలో లేరు. ఎటు వెళ్ళారోనని చూస్తే, రెగ్యులేటర్ మీదికి ఎక్కుతూ కనిపించారు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తున్నారు. పైకి వెళ్ళి, ఇప్పటి లష్కరుతో ఏదో మాట్లాడి, తలుపు తిప్పే చక్రం మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు. ఎవరూ దాన్ని తిప్పకుండా.

పాప దూకింది.

నీళ్ళు మూసుకున్నాయి. బుడగలు వచ్చాయి. అవి ఆగిపోయాయి. నేను అరిచానో లేదో నాకు తెలియదు. అరిచావని తమ్ముడు తర్వాత చెప్పాడు. ఆ కాస్త సేపట్లో నేను మళ్ళీ ఆ మట్టి రంగులో ఉన్నాను, చెవుల్లో అదే హోరు, ఊపిరి అందడం లేదు. పాప చచ్చిపోయిందని, నేనే చంపానని, బల్లయితే రెండు సెకన్లే కదా అని, పిచ్చి పిచ్చిగా అనిపించింది. అప్పుడు పాప తల పైకి వచ్చింది. నోట్లో నీళ్ళు పిచికారీలా ఊసింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"కట్," అంది దర్శకురాలు. గట్టు మీద జనం నవ్వారు. ఆ నవ్వుతో ఆ షాట్ పనికిరాకుండా పోయింది. మళ్ళీ తీశారు. నాలుగుసార్లు తీస్తే నాలుగోసారికి పాప నవ్వకుండా, కొంచెం భయపడ్డట్టు ముఖం పెట్టింది. నాలుగుసార్లూ నేను అదే మెట్టు మీద చచ్చి బతికాను. అయిపోయాక తువ్వాలు చుట్టుకుని వచ్చి, "అత్తా, ఆకలేస్తోంది, పునుగులు తెప్పించవా," అంది. తెప్పించాను. ఒక్కటి కూడా నా గొంతు దిగలేదు.

నాలుగు నెలలకి సిరీస్ వచ్చింది. పరవాలేదన్నారు. కాలువ సీను మాత్రం చాలామందికి నచ్చలేదు. పాత దానిలో ఉన్న ఫీల్ లేదని, ఆ కళ్ళు లేవని, పిల్ల పిక్నిక్‌కి వచ్చినట్టుందని కింద కామెంట్లు రాశారు. తెలుగు మాస్టారు స్టాఫ్ రూములో, "నేను ముందే చెప్పానా, ప్రాణం పోతుందని," అన్నారు. ఈసారి తల వంచుకోలేదు. "పోలేదు మాస్టారూ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మిగతాది ఇంకోరోజు చెబుతానన్నాను, ఇంకా చెప్పలేదు.

మళ్ళీ తీయడం మంచిదేనా అని నన్నడిగితే, ఆ ఒక్క సీను వరకు మంచిదే అంటాను. మళ్ళీ తీయకపోతే ఎవరూ ఆ రేవుకి వెళ్ళరు, ఆ మెట్లు ఎన్నో చూడరు. ఏడుపొచ్చేంత బాగుందని మెచ్చుకున్న దాంట్లో ఎవరికి ఏమైందో అడగరు. మిగతా పన్నెండు భాగాలు బాగా తీశారో లేదో నేను చెప్పలేను. వాటిని చూస్తున్నంతసేపూ పాప ఎక్కడ నీళ్ళ దగ్గరికి వెళుతుందోనని చూస్తూ కూర్చున్నాను.

నాన్న ఆ కథ చెప్పడం మానేశారు. ఎవరైనా అడిగితే "పాతదండీ, గుర్తులేదు" అంటున్నారు. ఆయన్ని అలా చూస్తే, అనవసరంగా నోరు విప్పానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆటోలో ఒక్కరే మా ఇంటికి వచ్చారు. అన్నం పెడతానంటే వద్దన్నారు. ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పదకొండు సెకన్లు," అన్నారు.

"ఏంటి నాన్నా?"

"మూడోసారి మునిగినప్పుడు. ఆవిడ రాకముందు సీను ఆపేసేదాకా. ఫోన్లో చూసి లెక్కపెట్టాను. మొదటిసారి నాలుగు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "పదకొండంటే చాలా సేపమ్మా. నేను ఊపిరి బిగబట్టి చూశాను. నా వల్ల కాలేదు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఫర్వాలేదని చెబితే అబద్ధం. నా చెయ్యి ఆయన చేతి మీద పెట్టాను. ముసలి చెయ్యి, ఇనుప చక్రాలు తిప్పీ తిప్పీ కాయలు కాసిన చెయ్యి, చల్లగా ఉంది. చాలాసేపటికి, "పెరుగన్నం ఉంటే పెట్టు," అన్నారు. పెట్టాను. తిన్నారు.

దర్శకురాలు నిన్న ఫోన్ చేసింది. రెండో భాగం తీస్తున్నారట. అందులో వరద వస్తుందట, పడవ తిరగబడుతుందట. ఈసారి పిల్లలు ముగ్గురు. ప్రతి షాట్‌కి ముందు ఏం జరగబోతోందో వాళ్ళకి తెలుసో లేదో అడిగే మనిషి ఒకరు కావాలి, మీరు వస్తారా అని అడిగింది. నీళ్ళ పక్కన రోజంతా ఉండాలి. వేసవి సెలవులే కాబట్టి స్కూలు అడ్డం చెప్పడానికి లేదు. వస్తానన్నాను. అన్న దగ్గర్నుంచి అరచేతులు చెమటలు పడుతూనే ఉన్నాయి. పాప మాత్రం ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, వరద నీళ్ళలో ఈత ఎలా ఉంటుందని అడిగింది.